‘అంగ్రేజ్’ చూసి ఎవరు ఎవరిని నవ్విన్రు?

(సికింద్రాబాద్‌ల చేసిన ప్రసంగ పాఠం)



సికందర్ జా పేరు మీద 1806ల ఈ ఊరికి పేరు పెట్టిన్రు. అంగ్రేజోళ్ల దండు ఉన్న మన లష్కర్‌ల నిలబడి ‘అంగ్రేజ్’ అనే సినిమా గురించి మాట్లాడుడు ఒక తమాషనే.

 దర్శకుడు కుంట నిఖిల్. పెద్ద హీరో లేడు, పెద్ద కథ గూడ లేదు. ఇద్దరు ఎన్నారైలు సాఫ్ట్‌వేర్ కొలువు మీద హైదరాబాద్ వస్తరు. చార్మినార్ చూడబోయి, అక్కడ పొద్దంత బాతాఖానీ కొట్టే ఇస్మాయిల్ భాయ్ జట్టుతోని కయ్యం తెచ్చుకుంటరు. పగ తీర్చుకోవాలని ఇస్మాయిల్ భాయ్ ఒక దిక్కు, ఎన్నారైని ఎత్తుకపోయి పైసలు గుంజాలని ‘మామ’ గ్యాంగు ఇంకో దిక్కు. అంతే.

మరి జనం ఎందుకు పడిపడి నవ్విన్రు? మాట కోసం. నక్కో, హౌ, కైకు అనే మన దక్కనీ మాట హిందీ సినిమాకు కొత్తేం కాదు. 1965ల ‘గుమ్‌నామ్’ల మెహమూద్ మాట్లాడితే దేశమంత నవ్వింది. కాని అక్కడ ఆయనది బట్లరు వేషం. చుట్టున్న దొరలంత ‘మంచి’ హిందీ మాట్లాడుతరు. నౌకరు నోట్లె మాత్రమే మన యాస! తెలుగు సినిమాల తెలంగాణ మాట రౌడీకి, జోకరుకు పోయిన తీరే ఇది. ‘అంగ్రేజ్’ల లెక్క తిరగబడ్డది. అందరిదీ ఆ మాటనే, అది రానోడే పరాయోడు.

థియేటర్ల చూసినోళ్లు చూసిన్రు. సీడీలు తెచ్చుకొని హాస్టల్ రూములల్ల మళ్ల మళ్ల చూసి డైలాగులు నోటికి పట్టినోళ్లు గూడ మస్తుమంది. ఇస్మాయిల్ భాయ్ వేషం కట్టింది ధీర్ చరణ్ శ్రీవాస్తవ్. ఇప్పటికీ ఆయన్ను ఇస్మాయిల్ భాయ్ అనే పిలుస్తరు. మతం ఏదని ఎవరూ అడుగలేదు, మాట సక్కగున్నదా అనే చూసిన్రు. కోతలు కోసే సలీం ఫేకుగ మస్త్ అలీ గూడ అట్లనే ఇంటిమనిషైండు.

నాకొక పేచీ ఉన్నది. పాతబస్తీ అంటే పనిలేనోళ్ల అడ్డా అన్నట్టు చూపెట్టుడు నాకు నచ్చలేదు. ఆ చార్మినార్ పక్కనే లాడ్‌బజార్ గాజులకు లక్క కరిగించి పొద్దంత నిప్పుల కాడ కూసునే మనిషికి గూడ నవ్వొస్తది, కోపమొస్తది. ఆయన ఏ సీనుల ఉన్నడు? ఆడవాళ్ల ముచ్చటైతే చెప్పనే వద్దు.

‘హైదరాబాద్ నవాబ్స్’ 2006ల వచ్చింది. తర్వాత వరుస పెట్టి వచ్చినయి, చానామట్టుకు అదే అడ్డా, అవే కోతలు. 2015ల ‘అంగ్రేజ్ 2’ గూడ మొదటిదాని ఊపు అందుకోలేదు. ఇక తెలుగుల, మన యాస మాట్లాడే నాయికను జనం విరగబడి చూసింది 2017ల, ‘ఫిదా’ల.

సినిమా చూడని విద్యార్థులు చూడున్రి. పక్కన దక్కనీ తెలువని దోస్తును కూసోబెట్టుకోన్రి. మీరిద్దరు ఒక్క కాడనే నవ్వుతున్నరా, వేరే వేరే కాడనా, లెక్క వెయ్యున్రి.