నీలి గోళం అంచున తుపాను

1972 డిసెంబరు 7న అపోలో-17లో చంద్రుడి దారి పట్టిన ముగ్గురు వ్యోమగాములు, భూమికి సుమారు 29 వేల కిలోమీటర్ల దూరం వెళ్లాక తీసిన ఫోటో మీకందరికీ తెలిసిందే. పుస్తకాల అట్టల మీద, బడి గోడల మీద కనిపించే నీలి గోళం అదే. ముగ్గురిలో మీట నొక్కింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. నాసా ముగ్గురి పేరా రాసి ఊరుకుంది. సూర్యుడు వాళ్ల వెనక ఉండడంతో గోళం దాదాపు నిండుగా వెలిగింది. డిసెంబరు మాసం కాబట్టి దక్షిణ ధ్రువపు మంచు మొత్తం ఎండలో ఉంది. అసలు ఫోటోలో ఆ ధ్రువం పైన ఉంటుంది, ప్రచురించేటప్పుడు తిప్పి కిందికి తెచ్చారు. ఆఫ్రికా, మడగాస్కర్, అరేబియా స్పష్టంగా కనిపిస్తాయి. ఆసియా మాత్రం అంచుకు జారిపోయింది. ఆ అంచు దగ్గరే, కుడివైపు పైన, ఒక తెల్లటి సుడి ఉంటుంది. ముగ్గులో మెలికలా ముచ్చటగా ఉంటుంది గానీ, అది తుపాను. అంతకు రెండు రోజుల ముందే తమిళనాడు తీరాన్ని అతలాకుతలం చేసింది.

నా వాదనంతా ఆ సుడి చుట్టూనే. ఒక్క ఫోటో భూమిని మొత్తంగా చూపగలదు, కానీ ఆ సుడి నిన్న ఎక్కడుంది, రేపు ఎటు పోతుంది అన్నది చెప్పలేదు. తీరంలో ఉన్నవాడికి కావలసింది ఆ రెండు ముక్కలే. అవి చెప్పాలంటే ఒకేచోట నిలిచి, మళ్లీ మళ్లీ తీసిన ఫోటోలు కావాలి. భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరిగే ఉపగ్రహాలు చేసే పని అదే. వ్యోమగాములు చూసిన దూరం కంటే అది మరీ ఎక్కువేమీ కాదు. 2013లో ప్రయోగించిన ఇన్‌శాట్-3డి అక్కడి నుంచి అరగంటకోసారి భూగోళాన్ని చిత్రించింది. ఆ చిత్రాల్లో చాలావాటికి రంగు లేదు, అందమూ లేదు. ఎవరూ వాటిని పటం కట్టించుకోరు. అయినా అవే గొప్ప ఫోటోలని నా అభిప్రాయం.

ఆ నీలి గోళం లేకపోతే పర్యావరణ స్పృహే వచ్చేది కాదని కొందరంటారు. తేదీలు ఆ మాటను సమర్థించవు. తొలి ధరిత్రీ దినోత్సవం 1970 ఏప్రిల్ 22న జరిగింది, ఈ ఫోటోకు రెండున్నరేళ్ల ముందు. 1968లో అపోలో-8 నుంచి విలియం ఆండర్స్ తీసిన భూమి ఉదయించే చిత్రం అప్పటికి వచ్చిందన్నది నిజమే. కానీ పురుగుమందుల మీద రేచల్ కార్సన్ పుస్తకం 1962 నాటిది. ఉద్యమానికి ఫోటోలు ముఖాన్ని ఇచ్చాయి, ప్రాణం ముందే ఉంది. వాతావరణ ఉపగ్రహాల కథా అంతే. అమెరికా ఏటీఎస్-3 ఉపగ్రహం 1967లోనే భూమి మొత్తాన్ని రంగుల్లో తీసింది.

ఇంకో అభ్యంతరం గట్టిది. ఉపగ్రహ చిత్రం ఒక్కటే ప్రాణాలు కాపాడుతుందా? కాపాడదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది పోయారు. కబురు ఊరిదాకా చేరాలి, చేరినా తలదాచుకునే చోటుండాలి, అక్కడికి పోవడానికి రోడ్డుండాలి. తుపాను షెల్టర్లు, రేడియో, టీవీ, ఇప్పుడు సెల్‌ఫోన్ ఆ లోటు చాలావరకు తీర్చాయి. కానీ ఎప్పుడు, ఎక్కడ తీరం దాటుతుందో ముందు తెలియకపోతే ఇవన్నీ ఉండి ఏం లాభం? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసింది, ఆస్తినష్టం అపారం. ప్రాణనష్టాన్ని దివిసీమతో పోల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

వాతావరణ ఉపగ్రహం ఇన్‌శాట్-3డిఎస్ 2024 ఫిబ్రవరిలో మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఉపగ్రహ చిత్రాలను ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఈ సభలో ఉన్న ఉపాధ్యాయులను ఒకటే కోరుతున్నాను: బడి గోడ మీద నీలి గోళాన్ని అలాగే ఉంచండి, దాని పక్కన ఆ రోజు ఉపగ్రహ చిత్రాన్ని కూడా అతికించండి.