చదువుకునే చోట చప్పుడు

(మద్నూర్‌లో జరిగిన వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్ కోసం మీరిచ్చిన విరాళాలు అందాయి. స్థలం మాత్రం ఇంకా ఖాయం కాలేదు. హైవే పక్కనే తీసుకుందామని కొందరు, ఊరి లోపలికి పోదామని కొందరు అంటున్నారు. అది తేల్చేముందు విమానాశ్రయాల సంగతి కొంచెం చెప్పుకుందాం. మద్నూరుకు, విమానాలకు ఏం సంబంధం అంటారేమో! మన పిల్లలు గల్ఫ్ విమానం ఎక్కేది శంషాబాద్‌లోనే కదా. ముందుచూపు లేకుండా కడితే చప్పుడు ఏం చేస్తుందో తెలిసేది అలాంటి చోటే.

1930లలో బేగంపేటలో విమానాలు దిగడం మొదలైనప్పుడు ఆ ప్రాంతం నగరానికి అంచు. తర్వాత నగరమే దాన్ని చుట్టేసింది. ఇళ్ల మీదుగా, బడుల మీదుగా విమానాలు తిరిగాయి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాయి. అక్కడ సుమారు 5,500 ఎకరాలు ముందే తీసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ల ప్రణాళికకు 'హడా' అనే ప్రత్యేక సంస్థను పెట్టారు. అది 2008లోనే హెచ్‌ఎండీఏలో కలిసిపోయింది. (భూములు పోయిన రైతుల కథ వేరే ఉంది, దానికి ఇంకో సభ కావాలి.) ఇప్పుడు అక్కడ కూడా ప్లాట్లు, ఇళ్లు దగ్గరికి జరుగుతున్నాయి.

మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది మ్యూనిక్ సంగతి. 1992లో ఆ నగరంలో పాత విమానాశ్రయం మూసి, కొత్తది మరోచోట తెరిచారు. పరిశోధకులు రెండు చోట్లా బడిపిల్లలను ముందూ వెనకా పరీక్షించారు. కొత్త విమానాశ్రయం దగ్గరి పిల్లలకు చదవడం, గుర్తుపెట్టుకోవడం మందగించాయి. పాతదాని దగ్గరి పిల్లలు చప్పుడు ఆగాక కోలుకున్నారు. పిల్లలు వారే, మారింది చప్పుడొక్కటే.

మన దేశంలో 2000 నాటి నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. రద్దీ విమానాశ్రయాల దగ్గర 2018లో పెట్టిన పరిమితి పగలు 70, రాత్రి 65. ఈ లెక్క బజారు లెక్క కాదు. 10 పెరిగితే చెవికి ఇంచుమించు రెట్టింపు వినిపిస్తుంది.

మన ఊరికి విమానం లేదు గానీ, సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి ఉంది. రాత్రంతా లారీలే. విమానం చప్పుడు పైనుంచి వస్తుంది కనుక ప్రహరీ పనికిరాదు, పైకప్పు, కిటికీలే కాపాడాలి. రోడ్డు చప్పుడుకు మాత్రం ఎత్తైన, సందులు లేని గోడ పనిచేస్తుంది. ఒక వరస వేపచెట్లు నీడ ఇస్తాయే గానీ చప్పుడును పెద్దగా ఆపవు. దూరం రెట్టింపైతే తగ్గేది సుమారు 3 డెసిబెళ్లే.

అందుకే మేము కోరేది ఇది. ఊరి లోపలి స్థలం ధర ఎక్కువైనా దాన్నే తీసుకుందాం. అది కుదరకపోతే వంటగది, మెట్లు, స్టోర్‌రూమ్, బాత్రూములు రోడ్డు వైపు పెట్టి, పడక గదులు, చదువు గది వెనక్కి జరపాలి. కిటికీలకు సందులు లేకుండా రెండు అద్దాలు బిగించాలి. ఇదంతా ఇంజనీరు నక్షా గీసేటప్పుడే చెప్పాలి. గోడలు లేచాక చేస్తే ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ.

వచ్చే శుక్రవారం జుమా తర్వాత రెండు స్థలాలూ చూద్దాం. అదే రాత్రి 11 గంటలకు ఇంకోసారి పోదాం. దాతలు కూడా తప్పక రావాలి.