జీతగాళ్ళ బిడ్డల చేతికి జీతం

(కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన వాడల యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'జీతం' అనే మాటకు మన వాడల్లో రెండర్థాలున్నాయి. నెలకొకసారి ఉద్యోగికి ఇచ్చేది ఒకటి. దొర దగ్గర 'జీతముండటం' ఇంకొకటి. మన తాతలు పెళ్ళికో, రోగానికో, చావుకో అప్పు తెచ్చి ఏళ్ళ తరబడి జీతమున్నారు. తాత అప్పుకు కొడుకు, కొడుకు అప్పుకు మనవడు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. ఆ అప్పులు చెల్లవన్నది. చట్టమైతే వచ్చింది గాని అప్పు మన గడప దిగిపోయిందా?

అందుకే మేమంటున్నాం: మొదటి జీతం ఎట్లా ఖర్చు పెట్టాలి, ఎట్లా దాచాలి అన్నది ఎవరింటి ముచ్చట వాళ్ళది కాదు. ఉద్యమం మాట్లాడాల్సిన ముచ్చట.

'ముందు నీ సంగతి చూసుకో, ఇంటి సంగతి తర్వాత' అని కొందరు బుద్ధులు చెప్తారు. మనకది కుదరదు. మనం చదవటానికి అమ్మ కూలికి పోయింది, అక్క బడి మానింది. ఇంటికి పంపాల్సిందే. అయితే ఎంత పంపేదీ ముందే చెప్పి పంపాలి. అడిగినోళ్ళకల్లా అడిగినంత ఇస్తే ఇరవయ్యో తారీఖుకు మనమే చెయ్యి చాచాలి.

లెక్క చూద్దాం. పట్నంలో ఒక తమ్ముడి చేతికి 14,000 వస్తుందనుకోండి. రూము, తిండి 6,500. దారి ఖర్చు, ఫోను 1,200. ఇంటికి 4,000. బట్టలు, మందులు, పైఖర్చు 1,000. ఉన్నది 1,300. నెలాఖరుకు మిగిలితే దాద్దామంటే మిగలదు. జీతం పడ్డ రోజే వేరే ఖాతాలో వెయ్యాలి. పది నెలలకు 13,000. అంటే రెండు నెలల రూము, తిండి చేతిలో ఉన్నట్టే.

ఆ తర్వాత ఇంటి అప్పు మీద పడాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చి ఉంటే నెలకు 1,500 వడ్డీకే పోతుంది. ఏడాదికి 18,000. అసలు అట్లాగే కూర్చుంటుంది. అసలులో 10,000 తీర్చినా నెలకు 300 వడ్డీ ఆగుతుంది. ఇంతకు మించిన పొదుపు ఏ బ్యాంకులో ఉంది? అప్పు తీరినాక పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ కట్టండి. నెలకు 100 రూపాయలతోనూ మొదలుపెట్టొచ్చు.

ఇంకో దొంగదారి చూడండి. 20 మంది, అంతకు పైన పనిచేసే చోట పి.ఎఫ్. కట్టాలి. మూల వేతనం, కరువు భత్యం కలిపి నూటికి 12 మన జీతంలో కోస్తారు. యజమాని వాటా యజమాని జేబులోంచే రావాలి. కొందరు కాంట్రాక్టర్లు రెండు వాటాలూ మన జీతంలోనే కోస్తారు, కొందరు కోసింది జమే చెయ్యరు. మీ యు.ఏ.ఎన్. నంబరు అడిగి తీసుకోండి. నెలనెలా పాస్‌బుక్కు చూడండి. పడకపోతే ఒక్కరే పోవద్దు, పదిమంది కలిసి పి.ఎఫ్. ఆఫీసులో ఫిర్యాదు పెట్టండి. ఉద్యోగం మారినప్పుడు ఆ డబ్బు తీసి తినెయ్యకండి, కొత్త చోటికి మార్పించుకోండి.

ఫోన్లో నిమిషంలో అప్పిస్తామనే వాళ్ళ జోలికి పోవద్దు. 2020లో తెలంగాణలో ఆ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు.

చెల్లెళ్ళకు ఒక మాట. ఖాతా మీ పేరు మీద ఉంటే చాలదు. ఏ.టి.ఎం. కార్డు కూడా మీ చేతిలోనే ఉండాలి. నాన్నైనా, అన్నైనా, రేపు మొగుడైనా సరే.

సంఘానికి చందా ఇస్తామంటున్నారు, సంతోషం. వడ్డీకి తెచ్చి మాత్రం ఇవ్వకండి. అప్పుల్లో మునిగిన కార్యకర్త ఎవరి ముందూ గట్టిగా నిలబడలేడు.

దాచిన పైస మనల్ని షావుకార్లను చెయ్యదు. అది మేమూ ఆశించటం లేదు. కులం పేరుతో తిట్టిన సూపర్‌వైజరు ముందు 'నీ పని నాకొద్దు' అని లేచి రావాలంటే రెండు నెలల తిండి ఇంట్లో ఉండాలి. మన తాతకు ఆ రెండు నెలల గింజలే లేకపోయాయి. అందుకే ఆయన లేచి రాలేకపోయాడు. మనం రాగలగాలి.

జై భీమ్.