మెదక్‌కు ఒక రచ్చబండ కావాలి

(మెదక్ పట్టణంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పూర్వం మన పల్లెల్లో చెట్టు కింద రచ్చబండ ఉండేది. ఊరి తగవులన్నీ అక్కడే చర్చకు వచ్చేవి. అయితే ఆ బండపై కూర్చునే అర్హత అందరికీ ఉండేది కాదు. దళితులు దూరంగా నిలబడవలసి వచ్చేది. స్త్రీల మాటకు చోటు ఉండేది కాదు. భావ ప్రకటనకు, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశం కావడానికి రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రతి పౌరునికీ హక్కునిచ్చింది. ఆ హక్కును వినియోగించుకునే చోటు మన పట్టణంలో ఎక్కడుందన్నదే నేటి ప్రశ్న.

హైదరాబాదులో శాసనసభకు ఎదురుగా ఉన్న గన్‌పార్కు స్తూపం మనందరికీ తెలిసినదే. 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలర్పించిన వారి స్మృత్యర్థం శిల్పి ఎక్కా యాదగిరిరావు దానిని మలిచారు. నల్లరాతి పీఠంపై తూటాల గుర్తులను తలపించే రంధ్రాలు, శిఖరాన తొమ్మిది రేకుల తెల్లని పువ్వు ఉంటాయి. మనిషి ప్రతిమ మాత్రం లేదు. కనుక విగ్రహాల విషయంలో మన ఇళ్ళలో ఉండే సంకోచానికి అక్కడ తావు లేదు. నివాళులర్పించడానికి వచ్చేవారు అక్కడే నిలబడి తమ డిమాండ్లనూ వినిపిస్తారు. ఒక శిల్పం ప్రజల వేదికగా మారడమంటే ఇదే.

అమెరికాలోని చార్లెట్స్‌విల్ పట్టణంలో 2006లో పురపాలక భవనం ఎదుట ఒక పొడవైన పలకరాతి గోడను నిర్మించారు. ఎవరైనా సుద్దముక్కతో తమ అభిప్రాయం రాయవచ్చు. పక్కనే ఉన్న వేదిక దగ్గర నిలబడి మాట్లాడవచ్చు. ఒకరి రాతకు మరొకరు అదే గోడపై జవాబిస్తారు. తరువాత గోడను కడిగి మళ్ళీ సిద్ధం చేస్తారు. 2017లో అదే పట్టణంలో శ్వేతజాతి దురహంకారుల ప్రదర్శన సందర్భంగా ఒక యువతి ప్రాణం కోల్పోయింది. గోడ ఒక్కటే ద్వేషాన్ని ఆపలేదు. అయితే ద్వేషానికి బహిరంగంగా బదులు చెప్పే చోటు మాత్రం అక్కడ ఉంది.

మన పట్టణం సంగతి చూద్దాం. 2024 జూన్ 15న, బక్రీదుకు రెండు రోజుల ముందు, పశువుల తరలింపు విషయమై ఇక్కడ ఘర్షణ జరిగి 144వ సెక్షన్ విధించవలసి వచ్చింది. అటువంటి రోజుల్లో ఫోన్లలో తిరిగే వదంతిని పుట్టించినవాడెవడో ఎవరికీ తెలియదు. నలుగురి మధ్య నిలబడి మాట్లాడేవాణ్ణి మాత్రం "నువ్వు కళ్ళారా చూశావా?" అని అడగగలం.

అందుకే పురపాలక సంఘానికి మన వినతి ఇది. అందరూ తిరిగే కూడలిలో ఒక పలకరాతి గోడ, దాని ముందు ఒక రాతి తిన్నె నిర్మించాలి. గోడపై రాజ్యాంగ పీఠికను తెలుగులోనూ, 2017 నుండి రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయిన ఉర్దూలోనూ చెక్కించాలి. హింసకు పురికొల్పే మాటలను చట్టం ఎలాగూ నిషేధించింది. అధికారులకు నచ్చలేదన్న కారణంతో మాత్రం ఏ రాతనూ చెరపరాదు.

ఈ గోడ మనల్నీ ప్రశ్నిస్తుంది. వక్ఫు ఆస్తుల లెక్క చెప్పమని యువకులు రాస్తారు. మా చదువు మాన్పించవద్దని ఆడపిల్లలు రాస్తారు. అప్పుడు మనం కోపగించరాదు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు. సొంత వర్గంలోని బలవంతులను ప్రశ్నించిన ఆ ముస్లిం పాత్రికేయుని వారసులం మనం. మన మాటకు స్వేచ్ఛ కోరుతూ ఎదుటివారి మాటకు అడ్డుపడడం న్యాయం కాదు.

వినతిపత్రం సిద్ధంగా ఉంది. మన సంతకాలతో పాటు హిందూ, క్రైస్తవ సోదరుల సంతకాలనూ, దళిత సంఘాల సంతకాలనూ సేకరిద్దాం. వారిని కలిసి అడగడంతోనే ఆ చర్చ మొదలవుతుంది. స్త్రీలు ముందుగా సంతకం చేయవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాం. ఖుదా హాఫిజ్.