వెలుతురు ఎటు నుంచి వస్తుంది?

(షోలాపూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సూర్యుడి గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. నేతపనికీ సూర్యుడికీ ఏం సంబంధమని. ముందు మా ఇంటి సంగతి వినండి.

కొత్త ఇల్లు కట్టినప్పుడు, గాలి బాగా వస్తుందని మగ్గం గదికి పడమట పెద్ద కిటికీ పెట్టాం. అమ్మ దానికి ఎదురుగా కూర్చుని కండెలు చుట్టేది, తెగిన పోగులు అతికేది. సాయంత్రం 4 దాటితే ఎండ సూటిగా ఆమె కళ్లలో పడేది. కిటికీకి గోనెపట్టా కట్టి, బల్బు వేసుకునేది. నల్లపోగు కనబడటం లేదురా అంటే, వయసు మీద పడిందమ్మా, అద్దాలు మార్పిద్దాం అన్నాం. తప్పు కళ్లది కాదు, కిటికీది అని తెలిసేసరికి ఆరేళ్లు గడిచాయి.

అప్పటినుంచి మన ఊరి మీద సూర్యుడు నడిచే దారిని గమనిస్తున్నాను.

షోలాపూర్‌లో జూన్ 21 ప్రాంతంలో పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరు 21 ప్రాంతంలో 11 గంటల 5 నిమిషాలే. అంటే చలికాలంలో రోజూ రెండు గంటల వెలుతురు తక్కువ. చిత్రమేమిటంటే, అన్నిటికన్నా తొందరగా పొద్దుగూకేది డిసెంబరులో కాదు, నవంబరు చివర్లో, 5:50కే. అన్నిటికన్నా ఆలస్యంగా తెల్లవారేది సంక్రాంతి రోజుల్లో, దాదాపు 7 గంటలకు.

యానాం నుంచి వచ్చిన మా వియ్యంకుడు పొద్దున్నే లేచి, మీ ఊళ్లో ఇంకా చీకటేనా బావగారూ అంటాడు. నిజమే. దేశమంతటి గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అది యానాం పక్కనుంచే పోతుంది. మనం 76 డిగ్రీల దగ్గర ఉన్నాం. డిగ్రీకి 4 నిమిషాలు. అందుకే అక్కడికన్నా మనకు మిట్టమధ్యాహ్నం 25 నిమిషాలు ఆలస్యం.

ఇక కిటికీ మాట. సూర్యుడు ఎప్పుడూ సరిగ్గా తూర్పునే పుడతాడనుకోవద్దు. జూన్‌లో తూర్పు నుంచి 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి పుడతాడు, డిసెంబరులో అంతే దక్షిణానికి. మే 10 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 2 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. వాకిట్లో కర్ర నిలబెడితే నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరాన ఉంటాడు. డిసెంబరులోనేమో నడినెత్తి నుంచి 41 డిగ్రీలు దక్షిణానికి వాలి, దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలిదాకా వస్తుంది.

కాబట్టి పోగు చూసే పనికి ఉత్తరపు వెలుతురే మేలు. ఎండ కళ్లలో పడదు, పడుగు మీద రంగు వెలవదు, పొద్దున్నించి సాయంత్రందాకా వెలుతురు ఒకేలా ఉంటుంది. పాత నూలు మిల్లుల కప్పులు రంపపు పళ్లలా కట్టి, అద్దాలు ఉత్తరానికి పెట్టేవారు. కారణం ఇదే. ఎండాకాలపు మధ్యాహ్నానికి చిన్న చూరు చాలు. పొద్దున, సాయంత్రం ఏటవాలుగా వచ్చే ఎండకు కిటికీ పక్కల అడ్డు కట్టించండి, లేదా ఒక వేపచెట్టు నాటండి. రంగు నూలు జత చూసుకునేదీ ట్యూబులైటు కింద కాదు, ఈ వెలుతురులోనే.

మేం చివరికి ఉత్తరపు గోడ కొట్టించి కిటికీ పెట్టాం. మొదటి రోజు అమ్మ నల్లపోగు పట్టుకుని, అద్దాలు తీసి పక్కన పెట్టి, నా కళ్లు ఇంకా ఉన్నాయిరా అంది. ఆ మాట నాకు సంతోషం కన్నా సిగ్గే ఎక్కువ తెచ్చింది.

ఇల్లు కట్టేవాళ్లు, షెడ్డు వేసేవాళ్లు ఎవరైనా సరే, మేస్త్రీని పిలిచేముందు ఆ జాగాలో ఎండ ఎటు నుంచి ఎటు పోతుందో చూడండి. ఆ తర్వాత, అక్కడ కూర్చుని పనిచేసే ఆడమనిషిని ఒక మాట అడగండి. మేం అడగలేదు.