ఇంటి గుడ్డలపై ప్రకృతి అద్దకం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, పెన్షను బకాయిల గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు సవివరంగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాలలో దుప్పట్లు, దిండు గలీబుల గురించి మాట్లాడతాను. నవ్వకండి. జీవితమంతా సిరాతో బతికిన వాళ్ళం మనం. ఆ సిరాకూ ఈ దుప్పటికీ దగ్గర చుట్టరికం ఉంది.

పూర్వం పల్లెల్లో సిరా ఎలా తయారు చేసేవారో మీలో కొందరైనా వినే ఉంటారు. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపేవారు. కరక్కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిసి నలుపు పుడుతుంది. కృష్ణా జిల్లా మచిలీపట్నం, పెడనలలో కలంకారీ అద్దకం వేసేవారి నలుపు కూడా ఇదే. వారు తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రెండు మూడు వారాలు నానబెట్టి కసిమి తయారు చేస్తారు. గుడ్డను ముందే కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. చెక్కిన టేకు అచ్చును కసిమిలో అద్ది ఆ గుడ్డ మీద కొడితే అక్కడికక్కడే నల్లబడుతుంది.

ఎరుపు సంగతి ఇంకా చిత్రం. ఎరుపు రావలసిన చోట అచ్చుతో వేసేది రంగు కాదు, జిగురు కలిపిన పటిక. తరువాత గుడ్డను పారే నీటిలో జాడించి, మంజిష్ఠ వంటి వేళ్ళతో కాచిన నీళ్ళలో ఉడికిస్తారు. పటిక ఉన్న చోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది, లేని చోట నిలవదు. పారే నీరే ఎందుకంటే, గుడ్డ నుంచి వదిలిన పటిక, ఇనుము మళ్ళీ ఖాళీ చోట అంటుకోకుండా కొట్టుకుపోవాలి. అంటే ఈ పనిలో సగం వంతు నీళ్ళది, ఎండది, ఓపికది. తొందరపెడితే చెడిపోతుంది. అందుకే దాని ఖరీదు కాస్త ఎక్కువ.

ఈ గుడ్డల కోసం విదేశీ వర్తకులు సముద్రాలు దాటి వచ్చారు. ఇంగ్లీషువారు 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. మన అద్దకాల దెబ్బకు తమ నేతగాళ్ళు నష్టపోతున్నారని ఫ్రాన్సు 1686లో వాటి దిగుమతిని నిషేధించింది. ఆ తరువాత 1868లో జర్మనీ శాస్త్రజ్ఞులు మంజిష్ఠ జాతి వేళ్ళలోని ఎర్ర రంగును ప్రయోగశాలలో తయారు చేశారు. చౌక రంగు రావడంతో వేళ్ళ రంగులకు గిరాకీ పడిపోయింది.

ఇది ఇంట్లో కూడా చేసుకోవచ్చు. రెండు దిండు గలీబులు తీసుకోండి. నూలువే కావాలి. గంజి పోయేలా ఉడికించి ఉతకండి. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో సుమారు 40 గ్రాముల కరక్కాయ పొడి కలిపి వడగట్టి, అందులో అరగంట నానబెట్టి, పిండి, ఉతకకుండా ఆరబెట్టండి. అర లీటరు నీళ్ళలో ఒక చెంచా అన్నభేది కరిగించి, కొంచెం చిక్కని గంజి కలపండి. జామాకో, వేపరెమ్మో తీసుకుని, ఈనెలు తేలిన వైపు గుడ్డపీలికతో ఈ ద్రావణం పలుచగా పూసి, గలీబు మీద పరిచి, పైన కాగితం వేసి అరచేతితో అదమండి. ఆకు తీయగానే ఈనెలతో సహా బూడిద నలుపులో అచ్చు పడుతుంది. ఒకరోజు ఆరనిచ్చి, ఎక్కువ నీళ్ళలో త్వరత్వరగా జాడించండి. అన్నభేది బదులు పటిక వాడితే లేత పసుపు వస్తుంది.

జాగ్రత్తలు మూడు. ఈ పనికి వాడిన గిన్నెలు మళ్ళీ వంటకు వాడవద్దు. అన్నభేదిని పిల్లలకు అందనివ్వవద్దు. మోతాదు మించితే ఇనుము గుడ్డనే తినేస్తుంది. ఇంకొక మాట, నిమ్మరసం పడితే ఈ నలుపు వెలిసిపోతుంది.

రెండు గలీబులు చేసేసరికి మనకు రెండు రోజులు పడుతుంది. అప్పుడు తెలుస్తుంది పెడన దుప్పటి ధర ఎందుకంతో. ఈనాడు కలంకారీ పేరుతో అమ్ముతున్నవాటిలో స్క్రీను మీద రసాయన రంగులతో వేసినవి చాలా ఉన్నాయి. చవక కాబట్టి కొనడం తప్పు అనను. కాని అచ్చు పనివాడి ధర ఇచ్చి స్క్రీను గుడ్డ కొనుక్కోవడం మనకూ నష్టమే, ఆ పనివాడికీ నష్టమే. కొనేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: అచ్చుతో వేశారా, స్క్రీనుతోనా? రంగులు దేనితో చేశారు? చేతి అచ్చు అయితే ఒక అచ్చుకూ పక్క అచ్చుకూ మధ్య అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. దాన్ని లోపమనుకోకండి, అది చేతి గుర్తు.

చివరగా కార్యవర్గానికి ఒక మనవి. మన సంఘం ప్రతి ఏటా పదవీ విరమణ చేసినవారికి, వయోవృద్ధులకు శాలువాలు కప్పుతోంది. తళతళలాడే ఆ శాలువాలు చాలామంది ఇళ్ళలో బీరువా దాటి బయటికి రావు. ఈ సంవత్సరం వాటి బదులు అచ్చుతో, ప్రకృతి రంగులతో వేసిన నూలు దుప్పట్లు పనివారి దగ్గరే నేరుగా కొని ఇద్దాం. కప్పుకున్నవారికి రోజూ పనికొస్తాయి, వేసినవారికి నాలుగు రోజుల కూలి గిడుతుంది. ఈ ప్రతిపాదనను సభవారు పరిశీలించి ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.