మందుకు మిరియం సాయం

పుండుకు చీము పట్టించే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంది. అందులో కొన్ని రకాలు మహా మొండివి. వాటి పొరలో చిన్న పంపులుంటాయి. లోపలికి వెళ్లిన యాంటీబయాటిక్‌ను వెళ్లినట్టే బయటికి తోడేస్తాయి. మందు మంచిదే. లోపల నిలవదు, అంతే.

ఇక్కడే మన మిరియం సాయానికొస్తుంది. మిరియానికి ఘాటునిచ్చే పదార్థం పేరు పైపరిన్. జమ్మూ శాస్త్రవేత్తలు దాన్ని సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందుతో కలిపి చూశారు. 2006లో ఫలితాలు ప్రకటించారు. పైపరిన్ ఆ పంపులకు అడ్డుపడింది. మందు లోపల నిలిచింది. తక్కువ మందే సరిపోయింది. గమనించండి, బ్యాక్టీరియాను చంపింది మిరియం కాదు, మందే. మిరియం తోడుగా నిలిచింది.

వెల్లుల్లిలోని అజోయిన్ అనే పదార్థం పద్ధతి వేరు. బ్యాక్టీరియా రసాయన సంకేతాలతో మాట్లాడుకుని గుంపుగా దాడి చేస్తాయి. అజోయిన్ ఆ మాటలకే అడ్డుపడుతుంది. నాకు ఎక్కువ ఆశ కలిగించేది ఈ పద్ధతే.

అయితే ఇవన్నీ ప్రయోగశాల సంగతులు. చారులో వేసిన మిరియం ఆ పని చేయలేదు. డాక్టరు రాసిన మాత్రలు చెప్పినన్ని రోజులూ వేసుకోండి. మధ్యలో ఆపకండి. ఇంకో మాట. పైపరిన్ కొన్ని ఇతర మందుల స్థాయిని రక్తంలో పెంచుతుంది. పైపరిన్ గుళికలు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.